డ్రైవర్ కొత్తది, నడుము పాతది

జూన్ చివరి వారంలో మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో సాయంత్రం ఐదుంపావు కాకుండానే సూర్యుడు దిగిపోతాడు. సదరన్ క్రాస్‌లో వీలైన్ రైలెక్కి, కిక్కిరిసిన పెట్టెలో అరగంట నిలబడి వచ్చినవాడు స్టేషన్‌లో దిగేసరికి పార్కింగ్ స్థలంలో లైట్లు వెలుగుతుంటాయి. జనవరిలో ఇదే మనిషి ఇదే రైలు దిగి, కారు డిక్కీలో సిద్ధంగా ఉన్న బ్యాగుతో వెర్రిబీ పార్క్ కోర్సుకు వెళ్లి, తొమ్మిది హోల్స్ ఆడి, ఇంకా వెలుతురుండగానే ఇల్లు చేరేవాడు. అప్పుడు సూర్యాస్తమయం ఎనిమిదీ నలభై దాటాక. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగిన రోజే అతని వారపు గోల్ఫ్ ముగిసింది. బ్యాగు డిక్కీలోంచి గరాజ్‌లోకి మారింది.

మెల్‌బోర్న్‌లో గోల్ఫ్‌కు నిజానికి సెలవు లేదు. మంచు కురవదు, కోర్సులు మూతపడవు. జులైలో పగలు 14 డిగ్రీలుంటుంది. నేల తడిసి ముద్దవుతుంది, ఫెయిర్‌వేలో బురదంటిన బంతిని తీసి తుడిచి మళ్లీ పెట్టుకోనిచ్చే చలికాలపు వెసులుబాటు అమల్లోకి వస్తుంది. రిటైరైన ఆస్ట్రేలియన్లు బీనీ టోపీలు దించుకుని మంగళవారం పొద్దున్నే ఆడేస్తూనే ఉంటారు. ఆట ఆగేది ఉద్యోగస్తులకు. అందులోనూ పడమటి శివార్లలో ఉంటూ, శనివారాలు పిల్లల క్లాసులకూ ఆదివారాలు బంధువుల భోజనాలకూ ఇచ్చేసే తెలుగువాళ్లకు. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2021 జనాభా లెక్కల్లో 59 వేల పైచిలుకు. వాళ్లలో క్రికెట్ బ్యాటు పక్కనపెట్టి గోల్ఫ్ క్లబ్ పట్టుకుంటున్న నలభై ఏళ్లవాళ్లు టార్నీట్ ఉన్న విండమ్ ప్రాంతంలో కనిపిస్తూనే ఉన్నారు. పాయింట్ కుక్‌లో గ్రెగ్ నార్మన్ రూపుదిద్దిన శాంక్చురీ లేక్స్ కోర్సు పదిహేను, ఇరవై నిమిషాల దూరంలో ఉంటే మనసు లాగకుండా ఎలా ఉంటుంది?

ఆ చలికాలంలో గరాజ్‌లో ఏం జరుగుతుందో చూడాలి.

కారు బయటపెట్టి, రోలర్ డోర్‌కు ఎదురుగా వల కడతారు. కింద పచ్చ చాప. స్టాండు మీద ఫోన్, దాంట్లో ఎవరో కోచ్ వీడియో. చేతిలో బంతిని దూరం కొట్టే కొత్త డ్రైవర్ క్లబ్. జూన్ 30తో ఇక్కడ ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి ఆ నెలంతా సేల్సే. ఐదారు వందల డాలర్లు పెట్టినవాడు ఆగలేడు. "అన్నా, ఈ షాఫ్ట్‌తో ఇరవై మీటర్లు ఎక్కువ పోతదంట" అని వాట్సాప్ గ్రూపులో తమ్ముడొకడు ముందే ఊదరగొట్టి ఉంటాడు. బయట ఎనిమిది డిగ్రీలు. పొద్దుటి నుంచీ కుర్చీలో ముడుచుకున్న ఒళ్లు. ఒక్క నిమిషమైనా కాళ్లూచేతులూ ఆడించకుండా ఎనభై బంతులు బలంకొద్దీ బాదుతాడు. మర్నాడు పొద్దున షూ లేసు కట్టుకోవడానికి వంగలేడు. ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన అమృతాంజనం సీసా అప్పుడు బయటికి వస్తుంది. నొప్పులకు తెలుగువాడు ముందుచూపుతోనే ఉన్నాడనాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లోనే బొంబాయిలో ఆ మందు తయారీ మొదలుపెట్టారు. కానీ దాన్ని గోల్ఫ్ సామగ్రిలో పదిహేనో క్లబ్బుగా చేర్చుకోవాలని ఆయన అనుకుని ఉండరు. నియమం ప్రకారం బ్యాగులో పద్నాలుగే ఉండాలి.

ఈ చలికాలం కొనాల్సింది ఏమీ లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉన్న 13 వారాలూ ఒంటి మీద పెట్టాలి. డ్రైవర్ మారిస్తే పదో పరకో మీటర్లు కలిసొస్తాయేమో. తిరగని తుంటిని ఏ షాఫ్టూ తిప్పలేదు.

గోల్ఫ్‌ను పెద్దమనుషుల షికారు అనుకునేవాళ్లు ఒక్కసారి స్వింగ్‌ను లెక్కల్లో చూడాలి. క్లబ్ పైనుంచి కిందికి వచ్చి బంతిని తాకడానికి పట్టేది దాదాపు పావు సెకను. మామూలు ఔత్సాహికుడి డ్రైవర్ తల కూడా ఆ క్షణంలో గంటకు 150 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అప్పుడు నడుము వెన్నుపూసల మీద పడే ఒత్తిడి శరీర బరువుకు ఎనిమిది రెట్ల దాకా ఉంటుందని 1990 నాటి పరిశోధనే కొలిచి చెప్పింది. ఎనభై కిలోల మనిషికి ఆరు వందల కిలోలు దాటిందన్నమాట, అదీ మెలిక పడుతూ. ఆస్ట్రేలియాలోని క్లబ్ సభ్యులు 588 మందిని ఏడాదిపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. ప్రతి వందమందికీ దాదాపు 16 గాయాలు. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్నది నడుమే.

అంత మెలికను భరించడానికి తయారైనది కాదు నడుము. అక్కడి ఐదు పూసలూ కలిసి ఒక పక్కకు తిరిగేది చాలా తక్కువ, ఒక్కో పూస రెండు డిగ్రీలు అటూఇటూ. తిరగాల్సిన పని పైన పక్కటెముకలు అతుక్కుని ఉండే వీపుదీ, కింద తుంటి కీళ్లదీ. ఆ రెండూ బిగుసుకుపోతే మధ్యలో ఉన్న నడుము వాటి పని కూడా నెత్తిన వేసుకుంటుంది. ఉమ్మడి కుటుంబంలో నోరులేని కోడలిలాగ. రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చున్నా, డెరిమట్, ట్రుగనైనా గోదాముల మధ్య ట్రక్కు నడిపినా, ముందుగా బిగిసేవి సరిగ్గా ఆ రెండు చోట్లే.

తెలుగు ఇంటిపేరున్న గోల్ఫర్లలో ఇవాళ ప్రపంచానికి బాగా తెలిసినవాడు సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన దంపతుల కొడుకు, 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. అతని స్వింగ్ చూస్తే పుస్తకంలో బొమ్మలా ఉండదు, ఒక పక్కకు ఒరిగి చుట్టుకున్నట్టుంటుంది. కారణం వెన్నెముకలోని వంకర, స్కోలియోసిస్. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదివేటప్పుడు మణికట్టు శస్త్రచికిత్సతో ఒక సీజన్ మొత్తం పోయింది. తిరిగి వచ్చి 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ అవార్డులు మూడూ గెలుచుకున్నాడు. 2023 సెప్టెంబర్‌లో నాపాలో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి, మరుసటి ఏడాది ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు. 2025లో మెడ గాయం మళ్లీ వారాల తరబడి ఆటకు దూరం చేసింది. ఫిజియోలూ ట్రైనర్లూ వెన్నంటి ఉండే, అప్పటికి ఇరవయ్యేడేళ్లవాడి కథ ఇది. టార్నీట్ గరాజ్‌లోని నలభై రెండేళ్ల వెన్ను మీద ఎవరి కన్నూ లేదు.

ఒంటికి కసరత్తు, ఆటకు స్వింగ్, రెండూ వేరని గోల్ఫ్ లోకం చాలాకాలం నమ్మింది. బరువులెత్తితే కండలు బిగిసి స్వింగ్ పోతుందని 1950ల్లో పెద్దలు హెచ్చరిస్తుంటే దక్షిణాఫ్రికా కుర్రాడు గ్యారీ ప్లేయర్ డంబెల్స్ వదల్లేదు. చివరికి తొమ్మిది మేజర్ టోర్నీలు గెలిచాడు. అవి కాక ఆస్ట్రేలియన్ ఓపెన్ ఒక్కటే ఏడుసార్లు, 1958 నుంచి 1974 దాకా. పదహారేళ్ల తేడాతో ఒకే టోర్నీ గెలవడంలో అతని పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఎంతుందో, ఆ డంబెల్స్ వాటా కూడా అంతుంది. టైగర్ వుడ్స్ 2017లో వెన్నుపూసలు అతికించుకునే శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 2019 ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచి, డిసెంబర్‌లో ఇక్కడే రాయల్ మెల్‌బోర్న్‌లో ప్రెసిడెంట్స్ కప్ అమెరికా జట్టుకు కెప్టెన్‌గా ఉంటూనే తాను ఆడిన మూడు మ్యాచ్‌లూ గెలిచాడు.

ఎదురుమాట లేకపోలేదు. "జాన్ డేలీకి పొట్ట లేదా? రెండు మేజర్లు కొట్టలేదా?" అని అడిగేవాడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. కొట్టాడు, 1991లోనూ 1995లోనూ. కానీ డేలీ పసివాడిగా ఉన్నప్పటి నుంచీ క్లబ్ ఊపుతూ పెరిగినవాడు, క్లబ్‌ను వెనక్కి నేలకేసి వేలాడేదాకా తిప్పగలిగినంత సాగే ఒళ్లు అతనిది. ముప్పై ఎనిమిదో ఏట మొదలుపెట్టినవాడికి ఆ పొట్ట ఒక్కటే ఉంటుంది. ఇంకో పక్క భారత గోల్ఫర్ అదితి అశోక్ ఉంది. 2021లో కోవిడ్ వచ్చి ఒంట్లో సత్తువ తగ్గి, బంతి దూరం పడిపోయిన స్థితిలో టోక్యో ఒలింపిక్స్ ఆడింది. పటర్ చేతిలో మంత్రదండమైంది కాబట్టి నాలుగో స్థానం దాకా వచ్చింది, రజతం కోసం జరిగిన ప్లేఆఫ్‌కు ఒకే ఒక్క షాట్ దూరంలో ఆగింది. ఒంట్లో పాత బలం ఉంటే ఆ ఒక్క షాట్ ఎక్కడ దొరికేదో ఎవరి ఊహకు వాళ్లకు.

మరి ఏం చేయాలి? ముందు ఒక పరీక్ష, డబ్బు ఖర్చు లేనిది. చెప్పులు విప్పి, మడమలు నేలకు ఆన్చి గొంతుక్కూర్చోవాలి. చిన్నప్పుడు వీధి కుళాయి దగ్గర, గోళీలాటలో, బిళ్లంగోడులో (తెలంగాణవాళ్లకైతే చిర్రగోనెలో) గంటలకొద్దీ అలా కూర్చున్నవాళ్లే అందరూ. ఇప్పుడు సగం దిగేసరికి మడమలు లేస్తాయి, ఇంకాస్త దిగితే వెనక్కి పడతారు. డైనింగ్ టేబులూ రిక్లైనర్ సోఫా కలిసి పదిహేనేళ్లలో చేసిన పని అది. రెండో పరీక్ష కుర్చీలో. మోకాళ్లు దగ్గరగా పెట్టి, చేతులు ఛాతీ మీద మడిచి, తుంటి కదలకుండా భుజాలు మాత్రం పక్కకు తిప్పాలి. నలభై ఐదు డిగ్రీలు, అంటే ఎదుటి గోడకూ పక్క గోడకూ మధ్య మూల దాకా, రెండు వైపులా తిరగాలి. ఒక వైపు తిరిగి ఇంకో వైపు ఆగిపోతే ఆ ఆగిన చోటే నడుము నొప్పికి చిరునామా.

జూన్ నెల ఈ బిగువు విప్పడానికే సరిపోతుంది. రోజూ పది నిమిషాలు, టీవీ ముందు చాప వేసుకుని. ఒక పక్కకు పడుకుని మోకాళ్లు మడిచి, పైచేతిని పుస్తకం అట్ట తెరిచినట్టు వెనక్కి తెరవడం. నేల మీద ఒక కాలు ముందుకు, ఒక కాలు పక్కకు మడిచి కూర్చుని తుంటిని అటూఇటూ మార్చడం. బాసింపట్టు వేసుకుని నేల మీదే అన్నం తినడం కూడా ఇందులో భాగమే, పిల్లలు నవ్వినా సరే.

జులైలో బలం. జిమ్‌కు వెళ్లేవాళ్లకు హాపర్స్ క్రాసింగ్‌లో కౌన్సిల్‌వారి ఆక్వాపల్స్ ఉంది. వెళ్లనివాళ్లకు వంటింట్లో సోనా మసూరి బస్తా ఉంది. పది కిలోల బస్తాను పాదాల మధ్య పెట్టి, వీపు తిన్నగా ఉంచి, తుంటి దగ్గర మాత్రమే వంగి లేపడం గోల్ఫర్‌కు తెలియాల్సిన మొదటి కదలిక. బంతి ముందు నిలబడే భంగిమ అచ్చం అదే. అలవాటయ్యాక ఇరవై కిలోల బస్తా. తర్వాత అదే బస్తాను ఒంటిచేత్తో సూట్‌కేసులా పట్టుకుని, ఒక పక్కకు ఒరగకుండా వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలి. నడుముకు రెండు పక్కలా ఉన్న కండరాలు మండుతాయి, మండాలి. రబ్బరు బ్యాండును గట్టి స్తంభానికి కట్టి, పక్కగా నిలబడి రెండు చేతులతో ఛాతీ ముందుకు చాచి పట్టుకోవాలి. బ్యాండు తిప్పేయాలని చూస్తుంది, మనిషి తిరగకూడదు. గోల్ఫ్ అంటే తిరగడమే కదా, తిరగకుండా ఉండే సాధన ఎందుకని అనుమానం రావచ్చు. బ్రేకు బాగుంటేనే బండిని వేగంగా వదలగలిగేది. బస్కీలు, దండాలు ఎలాగూ ఉన్నాయి. వీటిని వదిలి అద్దం ముందు ఛాతీ, కండలు మాత్రమే పెంచుకునేవాడు ఫొటోలకు పనికొస్తాడు. బిగిసిన ఛాతీ భుజాలను ముందుకు లాగి ఉన్న తిరుగుడు కూడా తగ్గిస్తుంది.

ఈ తిప్పుడు బలం మనకు కొత్తేమీ కాదు. తాలింఖానాల్లో గదలు తిప్పినవాళ్లు, కర్రసాము చేసినవాళ్లు తుంటి నుంచి భుజానికి, భుజం నుంచి మణికట్టుకు బలం పారించడం ఏ ల్యాబూ లేకుండానే నేర్చారు. భారతదేశంలో ఆ కర్ర గదలను చూసిన బ్రిటిష్ సైనికాధికారులు వాటిని యూరప్ తీసుకెళ్లారు, అక్కడ 'ఇండియన్ క్లబ్స్' పేరుతో వ్యాయామశాలలు నిండాయి. 1904, 1932 ఒలింపిక్స్‌లో క్లబ్ తిప్పడం ఏకంగా పతకాల పోటీ. ఇవాళ అవే గదలు 'రొటేషనల్ ట్రైనింగ్' అన్న లేబుల్‌తో ఆస్ట్రేలియా క్రీడా సామగ్రి దుకాణాల్లో తిరిగి మనవాళ్లకే అమ్ముడవుతున్నాయి.

ఆగస్టులో వేగం. బలం వచ్చాకే వేగం, ముందు కాదు. డ్రైవర్‌ను తలకిందులుగా పట్టుకుని, తల దగ్గర పిడికిలి బిగించి, గాలిలో 'స్విష్' మనే శబ్దం బంతి ఉండాల్సిన చోటు దాటాక వినబడేలా ఊపాలి. ఎడమ చేతివాటంగా కూడా అన్నిసార్లు ఊపాలి. వారానికి రెండు రోజులు, రోజుకు ఇరవై ముప్పై ఊపులు చాలు, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. బ్రైసన్ డిషాంబో 2020లో ఒళ్లు పెంచి యూఎస్ ఓపెన్‌ను ఆరు షాట్ల తేడాతో గెలిచిన వీడియోలు చూసి రెండు వారాల్లో అలా కొట్టాలనుకోవడం మాత్రం ఆసుపత్రికి దగ్గరి దారి.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, నలభై దాటి ఏళ్లుగా వ్యాయామం లేనివాళ్లు ముందు జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టరుకు చూపించుకోవాలి. దక్షిణాసియావాళ్లకు షుగర్, గుండె జబ్బు మిగతావారి కన్నా ముందే వస్తాయన్నది వైద్యులు పదేపదే చెప్పే మాట. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉంటే జీపీ రాసిచ్చే ప్లాన్ మీద ఏడాదికి ఐదు ఫిజియో సందర్శనల దాకా మెడికేర్ సాయం అందుతుంది. ఆ సంగతి తెలియక బామ్ రాసుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లున్నారు.

ఇక నడక. పద్దెనిమిది హోల్స్ నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు. స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫర్ల వివరాలు పరిశీలించిన కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు, అదే వయసు, అదే స్థాయివాళ్లతో పోలిస్తే వీళ్లలో మరణాల రేటు 40 శాతం తక్కువని తేల్చారు. ఆరోగ్యవంతులే గోల్ఫ్‌కు వస్తారన్న వాదన అందులో కొంత కోసేయొచ్చు, అయినా మిగిలేది తక్కువ కాదు. పద్నాలుగో హోల్ దగ్గర చాలామంది స్కోరు కూలిపోయేది కాళ్లు అలిసిపోయి. బగ్గీ ఎక్కడం దానికి పరిష్కారమనుకుంటారు. స్కెలిటన్ క్రీక్ వెంబడి కాలిబాట ఉంది, శనివారం మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు గంటన్నర నడవొచ్చు. విక్టోరియాలో మే నుంచి ఆగస్టు మధ్య దాకా అతినీలలోహిత సూచీ మూడు లోపే ఉంటుంది కాబట్టి ఎండకు భయపడక్కర్లేదు. ముదురు ఛాయ ఉన్న చర్మానికి విటమిన్ డి తయారు కావడానికి ఎక్కువసేపు ఎండ కావాలి. చలికాలంలో ఇంట్లోనే ఉండి ఎముకల నొప్పులని బాధపడేవాళ్లకు ఆ నడక రెండు విధాల మందు.

నడక గురించి మాట్లాడేటప్పుడు ఇంటి సంగతి కూడా అనుకోవాలి. పద్దెనిమిది హోల్స్ ఆట అంటే ప్రయాణంతో కలిపి ఆరు గంటలు. ఆ ఆరు గంటలూ పిల్లల్ని, వంటను, బట్టల మెషీన్‌ను చూసుకునేది ఎవరో అందరికీ తెలుసు. వేసవంతా అలా గడిచాక చలికాలంలో కూడా ఆయన గరాజ్‌లో తలుపేసుకుంటే ఆవిడకు గోల్ఫ్ మీద గౌరవం ఎలా వస్తుంది? చాప వేసి చేసే ఈ కసరత్తుల్లో ఏ ఒక్కటీ మగవాళ్లకే ప్రత్యేకం కాదు. పెర్త్‌లో పెరిగిన మింజీ లీ మూడు మేజర్లు గెలిచింది. టార్నీట్‌లో ఇద్దరూ కలిసి నడిచి, ఇద్దరూ బస్తాలెత్తి, అక్టోబర్‌లో ఇద్దరూ టీ దగ్గర నిలబడితే నష్టపోయేది ఎవరూ లేరు, సోఫా తప్ప.

మెల్‌బోర్న్ పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వెయ్యిమందికి పైగా గోల్ఫర్లను ఆటకు ముందు గమనించారు. ఒళ్లు వేడెక్కించుకోవడానికి ఏదో ఒకటి చేసినవాళ్లు సగానికి కాస్త ఎక్కువ. వాళ్లలో అత్యధికులు చేసింది టీ దగ్గర గాలిలో నాలుగు ఊపులు ఊపడం. ఇన్నేళ్లయినా ఆ దృశ్యం పెద్దగా మారలేదు. కారు ఆపి, షూ మార్చుకుని, పరుగున వచ్చి, కొత్త డ్రైవర్ తీసి, రెండు ఊపులు ఊపి కొట్టేస్తారు.

అక్టోబర్ మొదటి ఆదివారం గడియారాలు మళ్లీ గంట ముందుకు జరుగుతాయి. ఆ వారంలో ఒక సాయంత్రం రైలు దిగి వెర్రిబీ పార్క్ చేరుకున్నవాడు, టీ బాక్స్ పక్కన బ్యాగు దించి, క్లబ్‌ను భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, మడమలు నేలకు ఆన్చి నెమ్మదిగా గొంతుక్కూర్చుంటే వెనక వరసలోవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వాలి. అతను అక్కడి నుంచి చేతులు ఆన్చకుండా పైకి లేస్తున్నాడా లేదా అన్నదే లెక్క.